ఫైర్‌ప్లేస్ గూట్లో కట్టెల స్టవ్: ముందు చిమ్నీ సంగతి చూడండి

మీరు అడిగింది కుదించి చెబితే ఇదీ: ఇంట్లో పాత ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంది, కట్టెలు తెగ కాలుతున్నాయి గానీ గది వెచ్చబడటం లేదు. అందుకని తలుపున్న ఇనప స్టవ్ ఒకటి పాతది కొని ఆ గూట్లో కూర్చోబెడదామనుకుంటున్నారు. స్టవ్ మీద నుంచి రెండడుగుల గొట్టం చిమ్నీలోకి వదిలేస్తే పొగ దానంతటదే పోతుందని ఎవరో చెప్పారు. అది చాలుతుందా, గూటి పైనున్న చెక్క అరకి ఏమన్నా అవుతుందా, పనంతా మీరే చేసుకోవచ్చా అని మీ సందేహాలు. ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

రెండడుగుల గొట్టం సంగతి ముందు తేల్చేద్దాం. అది చాలదు. ఫైర్‌ప్లేస్‌లో స్టవ్ పెట్టే పద్ధతులన్నిటిలోకీ ప్రమాదమైంది అదే. 1970ల్లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు అమెరికాలో జనం కట్టెల స్టవ్‌ల కోసం ఎగబడ్డారు. చాలామంది వాటిని తెచ్చి గూట్లోకి తోసి, చుట్టూ రేకు బిగించి, పొగ బాధ్యత చిమ్నీకి వదిలేశారు. అలా తోసేసినవి పాత ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంటాయి. బయటికి లాగి చూస్తే గూడు వెనకంతా నల్లటి తారు, పైన చిమ్నీ మొదట్లో ఉండే పొగ అరుగు మీద పెళ్లలు పెళ్లలుగా మసి. అంటుకోకుండా అన్నేళ్లు ఎలా గడిచాయా అనిపిస్తుంది.

ఎందుకలా అవుతుందో ఒక్కసారి అర్థమైతే, తర్వాత చెప్పే పనులన్నీ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. తలుపు లేని మంట గదిలోని గాలిని విపరీతంగా లాగేస్తుంది. మీ గది వెచ్చబడకపోవడానికి కారణం కూడా ఇదే, కష్టపడి వేడిచేసిన గాలంతా చిమ్నీ గుండా బయటికి పోతోంది. కానీ అంత గాలి కలవడం వల్ల పొగ పలచబడి, వేగంగా పైకి వెళ్లిపోతుంది. తలుపున్న స్టవ్ ఇందుకు పూర్తిగా తిరగేసి పనిచేస్తుంది. గాలిని కొలిచి లోపలికి తీసుకుంటుంది, వేడిలో ఎక్కువ భాగాన్ని గదికే ఇచ్చేస్తుంది. కాబట్టి పైకి పోయే పొగ తక్కువగా, చిక్కగా ఉంటుంది, అంత వేడిగానూ ఉండదు.

ఇప్పుడు లెక్క చూడండి. మామూలు స్టవ్ పొగమూతి 6 అంగుళాల వ్యాసం, అంటే 150 మిల్లీమీటర్లు. దాని వైశాల్యం 28 చదరపు అంగుళాలు. మీ చిమ్నీ లోపల 12 అంగుళాలకి 12 అంగుళాలు ఉందనుకుంటే 144 చదరపు అంగుళాలు. ఐదు రెట్లు! గొట్టంలోంచి వచ్చిన పొగ అంత విశాలమైన చోట పడేసరికి దాని వేగం ఐదో వంతుకి దిగిపోతుంది. చల్లటి ఇటుకల్ని రాసుకుంటూ నింపాదిగా పైకి పాకుతుంది, పాకుతూ చల్లారుతుంది. పూర్తిగా ఎండిన కట్టె కిలో కాలినా అరకిలో పైచిలుకు నీటి ఆవిరి పుడుతుందని చాలామందికి తెలియదు. కట్టెలో మిగిలిన తడి సంగతి వేరు, ఇది కట్టెలోని హైడ్రోజన్ కాలడం వల్ల పుట్టే నీరు. పొగ వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగిందంటే ఈ ఆవిరి, దాంతోపాటు సరిగా కాలకుండా మిగిలిన తారు ఆవిరులు, చన్నీళ్ల చెంబు బయట చెమర్చినట్టు గోడల మీద చెమరుస్తాయి. ఆ పేరుకున్న పదార్థమే క్రియోసోట్.

మొదట్లో అది వేలితో తుడిస్తే పోయే మెత్తటి మసిలా ఉంటుంది. తర్వాత పొరలు పొరలుగా, పెళుసుగా తయారవుతుంది, దీన్నీ బ్రష్‌తో గీకొచ్చు. మూడో దశలో నల్లటి గాజుపూత పూసినట్టు గోడకి అంటుకుపోతుంది, మామూలు బ్రష్ దాని మీద జారిపోతుంది. ఏదో ఒకరోజు గట్టిగా మంట వేసినప్పుడు ఇది అంటుకుంటే చిమ్నీ లోపల వేడి 1100 డిగ్రీల దాకా పోగలదు. లోపలి మట్టి పెంకులు పగులుతాయి, సున్నం దర్జులు రాలిపోతాయి. ఇటుక వెనక ఆనుకుని చెక్క దూలం ఉంటే ఆ తర్వాత జరిగేది మీరే ఊహించుకోండి.

అందుకే అమెరికాలో చిమ్నీలకి అనుసరించే ఎన్‌ఎఫ్‌పీఏ 211 అనే అగ్ని భద్రతా ప్రమాణం, చిమ్నీ ఇంటి లోపలే ఉంటే దాని లోపలి వైశాల్యం స్టవ్ పొగమూతికి మూడు రెట్లు దాటకూడదంటుంది. చిమ్నీ గోడల్లో ఒక్కటి బయటి చలికి తగులుతున్నా రెండు రెట్లు దాటకూడదు. పాత ఫైర్‌ప్లేస్ చిమ్నీల్లో ఈ లెక్కకి లొంగేవి అరుదు. నా మటుకు నేను ఈ రెట్ల లెక్కల జోలికి కూడా పోను. స్టవ్ మూతి ఎంత ఉందో అంతే వ్యాసమున్న లైనర్ గొట్టం (చిమ్నీ లోపల దించే లోహపు గొట్టం), మూతి దగ్గర మొదలై చిమ్నీ కొస దాకా, మధ్యలో ఎక్కడా తెగకుండా ఉండాలి. ఇది కుదరదంటే స్టవ్ ఆలోచన మానుకోమనే చెబుతాను.

లైనర్ కొనేముందు మీది ఎలాంటి ఫైర్‌ప్లేసో ఖాయం చేసుకోండి. నిజంగా ఇటుకతో కట్టిందా, లేక ఫ్యాక్టరీలో రేకుతో చేసి తెచ్చి గోడలో బిగించిందా? రెండోరకంలో కూడా లోపల ఇటుకల్లాగే కనిపించే పలకలుంటాయి, చూడగానే పోల్చుకోలేం. టార్చి వేసి మెడ పైకెత్తి చూడండి. గూడు ఇరుకై చిమ్నీలో కలిసే గొంతు దగ్గర రేకు గోడలు, పైన గుండ్రటి లోహపు గొట్టం కనిపిస్తే అది రేకు ఫైర్‌ప్లేస్. ఆ పెట్టె అప్పుడప్పుడూ వేసే తెరిచిన మంటకోసం చేసింది. చుట్టూ చెక్క ఫ్రేము చాలా దగ్గరగా ఉంటుంది. మీ మోడల్‌లో స్టవ్ పెట్టొచ్చని దాన్ని తయారుచేసినవాళ్లు రాసిస్తే తప్ప ముట్టుకోవద్దు. మీరు ఇటుకలదని రాశారు కాబట్టి అదే అనుకుని ముందుకి పోతాను, అయినా ఒకసారి చూసుకోండి.

తర్వాత చిమ్నీని శుభ్రంగా ఊడ్పించి, కెమెరా దించి చూపించుకోవాలి. పొగ పరికరం మారుస్తున్నప్పుడు ఇలా కెమెరాతో చేసే రెండో స్థాయి తనిఖీ తప్పనిసరని అదే ప్రమాణం చెబుతుంది. పని చేసేవాళ్లు "బాగానే ఉందండీ" అని వెళ్లిపోతే ఊరుకోకండి, వీడియో మీ కళ్లతో చూడండి. పెంకుల్లో నిలువు పగుళ్లు ఉన్నాయా, దర్జుల్లో సున్నం రాలిందా, పక్కగోడలోంచి ఇంకో గొట్టం వచ్చి కలుస్తోందా అన్నవి అడిగి మరీ చూడండి. ఈ చివరిది బాగా ముఖ్యం. పాత ఇళ్లలో నీళ్లు కాచే గ్యాస్ హీటరో, బాయిలరో అదే చిమ్నీలోకి వదిలి ఉంటారు. ఒక పొగదారికి ఒకే పరికరం. రెండోది ఉంటే దానికి వేరే దారి చూపాలి. గూట్లో మంట అంటించడానికి వాడిన పాత గ్యాస్ గొట్టం మిగిలి ఉన్నా, దాన్ని గ్యాస్ పని తెలిసినవాళ్లతో గూటి బయటే తెంపించి మూయించాలి.

ఇంకొకటి, ఎవరూ అంతగా పట్టించుకోనిది. గూటి ముందుండే గచ్చు కింద ఏముందో చూడండి. కింద సెల్లారు ఉంటే అక్కణ్ణుంచి పైకి చూడొచ్చు. పాతకాలంలో ఆ గచ్చు పోసేటప్పుడు కింద చెక్క పలకలు ఆధారంగా బిగించి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని తీయకుండా అలాగే వదిలేసేవారు. తెరిచిన మంట అప్పుడప్పుడూ వేస్తే దానికి ఏమీ కాలేదు సరే, రోజంతా కాలే స్టవ్ కింద ఆ చెక్క ఏళ్ల తరబడి ఎండి ఎండి నల్లబడిపోతుంది. కనిపిస్తే ఊడపీకించండి.

ఇప్పుడు లైనర్. కట్టెలకి స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం మేలు. అల్యూమినియం లైనర్లు తక్కువలో దొరుకుతాయి, అవి కొన్ని గ్యాస్ పరికరాలకి మాత్రమే, కట్టెల వేడికి నిలవవు. చిమ్నీ నిటారుగా ఉంటే గట్టి గొట్టాలు వాడొచ్చు, వంపులుంటే వంగే లైనర్ తప్పదు. రెండు పొరల వంగే లైనర్ మీద బాణం గుర్తు ఉంటుంది, పొగ పోయే దిశలో ఉండాలి. తలకిందులుగా దించితే లోపలి మడత అంచుల దగ్గర మసి, తడి నిలబడిపోతాయి.

లైనర్ చుట్టూ సెరామిక్ ఉన్ని చుట్టించుకోండి, అర అంగుళం మందం మామూలుగా వాడేది. దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి, పొగ చివరిదాకా వేడిగా ఉంటుంది, లాగుడు (చిమ్నీ పొగని పైకి లాగే బలం) బాగుంటుంది, క్రియోసోట్ తగ్గుతుంది. రెండోది దీనికన్నా పెద్దది. నియమం ప్రకారం ఇటుక చిమ్నీకీ, ఇంటి చెక్కకీ మధ్య ఖాళీ ఉండాలి, చిమ్నీ ఇంటి లోపల ఉంటే 2 అంగుళాలు, బయటి గోడకి ఉంటే 1 అంగుళం. పాత ఇళ్లలో దూలాలు చిమ్నీ ఇటుకకి ఆనుకుని కనిపించడం చాలా మామూలు విషయం. ఆ ఖాళీని ఇప్పుడు సృష్టించలేం కదా. ఉన్ని చుట్టిన లైనర్, అలాంటి చోట వాడొచ్చని తయారీదారు రాసిచ్చినదైతే, ఆ లోటు తీరుస్తుంది. డబ్బు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా మిగుల్చుకోండి, ఈ ఉన్ని దగ్గర వద్దు.

దించే పని పైకప్పు మీద మొదలవుతుంది. లైనర్ కొసకి శంకువులాంటి టోపీ, దానికి తాడు, కింద ఒకరు తాడు లాగుతుంటే పైన ఒకరు వదులుతుంటారు. చిమ్నీ పొడుగంతా సాఫీగా వచ్చి చివర్లో గొంతు దగ్గర ఆగిపోతుంది. పొగదారిని మూసి తెరవడానికి పెట్టిన పాత డ్యాంపర్ తలుపు, దాని ఇనప చట్రం అక్కడే ఉంటాయి. ఆ సందు మహా అయితే నాలుగైదు అంగుళాలు. ఇక్కడే చాలామంది తొందరపడి లైనర్‌ని నలగ్గొట్టి దూర్చేస్తారు. నలిగిన చోట పొగదారి ఇరుకవుతుంది, మడతలో చీలిక కూడా పడొచ్చు. సరైన పని డ్యాంపర్ తలుపు తీసేసి, చట్రాన్ని గ్రైండర్‌తో కోయడం. కోసేటప్పుడు పక్కనే ఉన్న లింటెల్ కమ్మీ మీద చెయ్యి పడకూడదు. గూటి పైనున్న ఇటుకల బరువంతా దాని మీదే ఉంది. చట్రం కోసినా చోటు చాలకపోతే ఆ కాస్త దూరానికి కోలగా నొక్కి తయారుచేసిన లైనర్ ముక్కలు దొరుకుతాయి, వైశాల్యం దాదాపు అంతే ఉంటుంది.

గొట్టం కిందికి వచ్చాక గొంతుని మూసే పలక తప్పకుండా పెట్టండి. సూచనల పుస్తకాల్లో దీని గురించి ఒక ముక్క రాస్తే గొప్ప, గది వెచ్చదనంలో తేడా మాత్రం దీనివల్లే ఎక్కువ కనిపిస్తుంది. అట్టముక్కని గొంతు ఆకారానికి కత్తిరించి, దాన్ని నమూనాగా పెట్టుకుని ఉక్కు రేకు కోయాలి. మధ్యలో లైనర్ పట్టే రంధ్రం, చుట్టూ అంగుళం మడత. మడతని ఇటుకకి మేకులతో బిగించి, అంచుల్లో వేడికి తట్టుకునే సీలెంట్ నింపాలి. రేకు పైన కాగితం పొర లేని రాతి ఉన్ని కుక్కాలి. గాజు ఉన్ని, నురుగు స్ప్రేలు దగ్గరికి కూడా రానివ్వద్దు. ఈ పలక లేకపోతే స్టవ్ ఇచ్చిన వేడిలో పెద్ద వాటా తిన్నగా ఖాళీ చిమ్నీలోకి ఎక్కిపోయి ఇటుకల్ని వెచ్చబెడుతుంది.

స్టవ్‌కీ లైనర్‌కీ కలిసే అతుకు దగ్గర రెండు మాటలు. పైగొట్టం అంచు కిందిగొట్టం లోపలికి దిగాలి, బయట తొడుక్కున్నట్టు ఉండకూడదు. చూడ్డానికి తలకిందులుగా పెట్టినట్టే అనిపిస్తుంది, పొగ సందులోంచి వస్తుందేమోనని కొత్తవాళ్లు మార్చేస్తుంటారు. కానీ లాగుడు ఉన్నంతసేపు పొగ బయటికి రాదు. కిందికి కారే తారు మాత్రం లోపలే ఉండి స్టవ్‌లో పడి కాలిపోతుంది. తిరగేసి పెడితే అతుకు మీద నల్లటి చారలు కారతాయి. ప్రతి అతుక్కీ కనీసం మూడు స్క్రూలు. గొట్టం ఎక్కడైనా అడ్డంగా పోవాల్సి వస్తే అడుగుకి పావు అంగుళం చొప్పున పైకి వాలుండాలి.

పైన కొస దగ్గర మూత పలక, వానటోపీ బిగిస్తారు. చిమ్నీ కొస పైకప్పులోంచి బయటపడిన చోటికి కనీసం 3 అడుగులు ఎత్తు, 10 అడుగుల లోపల ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తు ఉండాలన్నది అమెరికా నియమం. స్టవ్ నుంచి కొస దాకా మొత్తం పొగదారి నాలుగున్నర మీటర్లన్నా లేకపోతే లాగుడు సరిపోక తలుపు తీసినప్పుడల్లా పొగ మొహాన కొడుతుంది. నిప్పురవ్వలు ఆపే జాలీ ఉన్న టోపీ పెట్టిస్తే అది మసితో పూడిపోతుందని గుర్తుంచుకోండి. బాగానే లాగే స్టవ్ ఉన్నట్టుండి పొగ కక్కడం మొదలెడితే నేను మొదట చూసేది ఆ జాలీనే.

చెక్క అర విషయానికొస్తే, స్టవ్ వెనకో పక్కనో ఒక లోహపు రేకు అతికించి ఉంటుంది. మండే వస్తువులు ఎటువైపు ఎంత దూరంలో ఉండాలో దాని మీద రాసి ఉంటుంది. అదే మీకు వేదం. మీరు కొనేది పాతది కాబట్టి ఆ రేకు లేకపోవచ్చు. లేకపోతే అన్ని వైపులా 36 అంగుళాలు, ఒంటి పొర గొట్టానికి 18 అంగుళాలు పాటించాలి. మీ గూటి పైన చెక్క అర మూడడుగుల లోపే ఉందని ఊహిస్తున్నాను. అప్పుడు అరని పైకి జరపడమో, తీసి రాతిపలక పెట్టడమో, లేదా చెక్క ముందు అంగుళం ఖాళీ వదిలి, కిందా పైనా గాలి ఆడేలా రేకు కవచం బిగించడమో చేయాలి. కవచం పెడితే దూరం ఎంత తగ్గించుకోవచ్చో దానికి లెక్కలున్నాయి, తనిఖీ చేసేవారిని అడిగి చేయండి.

"ఇన్నేళ్లు ఏం కాలేదు కదా" అనే మాట ఇక్కడ చెల్లదు. చెక్క మామూలుగా అంటుకోవాలంటే 250 డిగ్రీల పైన వేడి కావాలి. కానీ నెలలు, ఏళ్ల తరబడి వేడి తగిలిన చెక్క లోపల్లోపలే బొగ్గులా మారుతూ పోతుంది, తర్వాత చాలా తక్కువ వేడికే రాజుకుంటుంది. మొదటి చలికాలం ఏమీ కాకపోవడం దేనికీ రుజువు కాదు. మంట బాగా రాజుకున్నాక గంటసేపాగి అర మీద అరచెయ్యి ఆనించండి. ఉంచలేకపోతే ఆ దూరం చాలనట్టే. గోడకి అతికించిన పలుచటి ఇటుకలు కూడా రక్షణ అనుకోవద్దు, ఇటుక వేడిని వెనకున్న చెక్కకి చేరవేస్తుంది. అర మీద టీవీ పెట్టే ఆలోచన ఉంటే మానేయండి.

ముందు గచ్చు ఎంత ఉండాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో స్టవ్ తలుపు ముందు 16 నుంచి 18 అంగుళాలు, పక్కల 8 అంగుళాలు అడుగుతారు. ఇంగ్లండ్ నిబంధనల్లో తలుపు మూసి వాడే స్టవ్‌కి ముందు 225 మిల్లీమీటర్లు, తెరిచి వాడేదైతే 300, పక్కల 150. స్టవ్ కింది నేల 100 డిగ్రీలు దాటదని తయారీదారు చెబితే అక్కడ 12 మిల్లీమీటర్ల మండని పలక చాలు, లేకపోతే మందపాటి కట్టడమే కావాలి. ఎగిరిపడే నిప్పురవ్వల నుంచి కాపాడటం ఒకటి, కిందికి దిగే వేడి నుంచి కాపాడటం ఇంకొకటి. ప్లైవుడ్ మీద టైల్స్ అతికిస్తే మొదటిది జరుగుతుంది, రెండోది జరగదు. మీ స్టవ్‌కి ఏది కావాలో చూసుకోండి.

స్టవ్ బరువు 150 కిలోలు దాటొచ్చు. లోపలి ఇటుకలు, తలుపు, బ్యాఫిల్ పలక (మంట తిన్నగా గొట్టంలోకి పోకుండా లోపల పైన అడ్డుండేది) తీసేసి మోస్తే సగం బాధ తప్పుతుంది.

గాలి సంగతి. స్టవ్‌కి గాలి కావాలి, అది గదిలోంచే వస్తుంది. ఇల్లు బిగుతుగా కట్టి, వంటింట్లో పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే, ఆ ఫ్యాన్ చిమ్నీలోంచి గాలిని వెనక్కి లాగుతుంది, దాంతోపాటు పొగనీ లాగుతుంది. పరీక్ష తేలిక. తలుపులు, కిటికీలు మూసి, ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ ఒకేసారి వేసి, చల్లగా ఉన్న స్టవ్ తలుపు కొద్దిగా తెరిచి, ఆర్పిన అగ్గిపుల్ల పొగ ఆ సందు దగ్గర పట్టండి. పొగ లోపలికి పోతే సరే. గదిలోకి తిరిగొస్తే బయటి గాలి నేరుగా స్టవ్‌కి అందే గొట్టం పెట్టించాలి, లేదా గదికి మూతపడని గాలి రంధ్రం ఉండాలి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా మొదటి అగ్గిపుల్ల కూడా గీయవద్దు. ఆ వాయువుకి రంగు, వాసన ఉండవు. మంట పెద్దగా ఉన్నప్పటికన్నా రాత్రి నిప్పులు కణకణలాడుతూ చల్లారుతున్నప్పుడు ఎక్కువ భయం, ఎందుకంటే అప్పుడు లాగుడు తగ్గుతుంది, వాయువు పుట్టడం మాత్రం ఆగదు, ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. అలారం స్టవ్ ఉన్న గదిలోనే, స్టవ్‌కి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో ఉండాలి. పడకగదుల దగ్గర ఇంకొకటి. పొగ అలారం దీనికి బదులు కాదు, రెండూ కావాలి.

మీరు కొనే పాత స్టవ్‌ని బిగించే ముందు చీకటి గదిలో లోపల టార్చి వెలిగించి బయటినుంచి చుట్టూ చూడండి. వెలుతురు కారిన చోటల్లా పగులో, ఊడిన సీలో ఉన్నట్టు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా జారి వచ్చేస్తే అక్కడ తాడు గాస్కెట్ (తలుపు అంచున గాలి దూరకుండా పెట్టే తాడు) అరిగింది. తాడు మార్చడం పెద్ద పని కాదు. పోత ఇనుములో నిలువు పగులు ఉంటే మాత్రం దాన్ని వదిలేయడమే మంచిది. బ్యాఫిల్ పలక వంగిపోయిందా, తీసి పెట్టడానికి వీలుగా ఉందా అన్నదీ చూడండి. తీయగలిగితే స్టవ్ కదపకుండా పైనుంచి చిమ్నీ ఊడ్చుకోవచ్చు. ఊడ్చాక దాన్ని తిరిగి పెట్టడం మర్చిపోతే మంట తిన్నగా లైనర్‌లోకి ఎక్కుతుంది, ఆ సీజన్‌లోనే లైనర్ పాడవుతుంది.

గదికి కావలసిన దానికన్నా పెద్ద స్టవ్ కొనకండి, కొనేసి ఉంటే అమ్మేయండి. పెద్ద స్టవ్ ఉన్నవాళ్లు ఉక్కపోత భరించలేక గాలి తగ్గించేస్తారు. కట్టె మండకుండా కుములుతుంది, క్రియోసోట్ ఎక్కువగా అలా పుట్టేదే. చిన్న స్టవ్‌ని ధాటీగా మండించడం ఎప్పుడూ మేలు. కట్టెలో తడి 20 శాతం లోపు ఉండాలి. కొలిచే మీటరు పెద్ద ఖరీదైన వస్తువు కాదు, కానీ కట్టె పైన గుచ్చితే అబద్ధం చెబుతుంది. నిలువుగా చీల్చి, అప్పుడే బయటపడ్డ లోపలి ముఖం మీద గుచ్చి చూడండి. రంగు వేసిన చెక్క, మందు పట్టించిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ ఏవీ వేయొద్దు.

కొత్తగా రంగు వేసిన స్టవ్ అయితే మొదటి రెండు మూడు మంటలు చిన్నవిగా, కిటికీలు తెరిచి వేయండి. పెయింట్ కాలి ఘాటు వాసన వస్తుంది, కంగారు పడక్కర్లేదు. బూడిదని మూతున్న ఇనప బకెట్‌లోకి తీసి, ఇంటి బయట మట్టి మీదో రాతి మీదో పెట్టండి. బూడిద పొరల్లో నిప్పు రోజుల తరబడి బతికి ఉంటుంది. ప్లాస్టిక్ బకెట్, అట్టపెట్టె, చెక్క వరండా, ఈ మూడింటికీ దూరం. ఏడాదికోసారి ఊడ్పించండి. లోపల మసి మందం 3 మిల్లీమీటర్లకి చేరితే ఏడాది కోసం ఆగొద్దు.

ఎప్పుడైనా చిమ్నీలోంచి హోరు వినబడితే, గొట్టం ఎర్రబడితే, గాలి మూతలు, తలుపు మూసేసి ఇంట్లోవాళ్లందరినీ బయటికి పంపించి ఫైర్ సర్వీసుకి ఫోన్ చేయండి. స్టవ్ మీద నీళ్లు పోయవద్దు, పోత ఇనుము పగిలిపోతుంది, ఆవిరి మీదకి కొడుతుంది. మంట ఆరిపోయి అంతా మామూలుగా కనిపించినా, మళ్లీ కెమెరా దించి చూపించుకునే దాకా వెలిగించకూడదు.

ఇక ఎవరు ఏ పని చేయాలన్నది. గూడు శుభ్రం చేయడం, గొంతు పలక కోసి బిగించడం, గచ్చు సిద్ధం చేయడం, అలారాలు పెట్టడం, గాస్కెట్ మార్చడం, ఇవి చేతిపని మీద ఇష్టమున్నవాళ్లు నిశ్చింతగా చేసుకోవచ్చు. చిమ్నీ తనిఖీ, పైకప్పు మీద లైనర్ దించడం, గ్యాస్ గొట్టం మూయించడం మాత్రం ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. చాలాచోట్ల స్టవ్ పెట్టడానికి స్థానిక అనుమతి కావాలి, పని అయ్యాక తనిఖీ కాగితం ఇస్తారు. ఇంటి బీమావాళ్లకి ముందే చెప్పి, ఆ కాగితం నకలు వాళ్లకి పంపించండి. గొంతు పలక బిగించేసే ముందు లోపలి అతుకులు, ఉన్ని, లైనర్ అన్నీ ఫొటోలు తీసి పెట్టుకోండి, తనిఖీకి వచ్చేవారు అడిగేది కూడా అవే. స్టవ్ వెనక రేకు దొరికితే దాని మీద రాసి ఉన్న దూరాలు, మూతి వ్యాసం, మీ చిమ్నీ లోపలి కొలతలు పెట్టండి, ఏ లైనర్ పడుతుందో చెబుతాను.